ఊరి కుక్కలకు రేబీస్ టీకా: వేసిన సూదుల లెక్క కాదు, వీధిలో రంగు లెక్క (ప్రాజెక్టు డైరీ)

పని జరిగిన ఊరు నల్గొండ జిల్లాలో కాలవ కింది గ్రామం. సుమారు 900 ఇళ్లు. లెక్క కోసం నాలుగు భాగాలు చేశాం: పాత ఊరు, కొత్త కాలనీ, బస్టాండు రోడ్డు, తండా. జట్టులో పశువైద్యాధికారి, వెటర్నరీ అసిస్టెంట్, ఏఎన్‌ఎం, ఇద్దరు ఆశా కార్యకర్తలు, పంచాయతీ మల్టీపర్పస్ వర్కర్లు, వల పట్టే నలుగురు కుర్రాళ్లు.

టీకా పడ్డ కుక్కకు రంగు పూసి, వీధిలో కనబడినవాటిలో రంగున్నవి ఎన్నో లెక్కపెట్టాం; ఆ శాతమే కవరేజీ. లక్ష్యం 70 శాతం. ఈ అంకె ఎందుకో ముందే చెప్పాలి, లేకపోతే అరవై దగ్గర జట్టు చేతులు దులుపుకుంటుంది. రేబీస్ సోకిన కుక్క సగటున ఒకటి నుంచి రెండు కుక్కలకే జబ్బు అంటిస్తుంది. అందుకని ఏ సమయంలో చూసినా 20 నుంచి 45 శాతం కుక్కలకు రక్షణ ఉంటే జబ్బు దానంతటదే తెగిపోతుంది. కానీ టీకా పడ్డ కుక్కలు చనిపోతుంటాయి, టీకా లేని పిల్లలు పుడుతుంటాయి, కవరేజీ నెలనెలా జారుతుంది. మళ్లీ ఏడాది టీకాల దాకా ఆ గీత కిందికి పోకూడదంటే 70తో మొదలుపెట్టాలి.

## దశ 0: చేతిలో ఉండాల్సినవి

1. పంచాయతీ తీర్మానం. 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పట్టిన కుక్కను పట్టిన చోటే వదలాలి. ఈ మాట తీర్మానంలో రాయించండి. లేకపోతే "ఎట్లాగూ పట్టారు కదా, ఊరవతల వదిలేయండి" అనే ఒత్తిడి మొదటి రోజే వస్తుంది.
2. జట్టులో అందరికీ ముందస్తు టీకా: 0, 7, 28 రోజులు. మూడో సూది పడనివాళ్లు రాత కోతల పనికే.
3. సబ్బు, కుళాయి ఉన్న 20 లీటర్ల నీళ్ల క్యాన్, పోవిడోన్ అయోడిన్. గాయాన్ని 15 నిమిషాలు పారే నీళ్లతో కడగాలి. కుళాయి పూర్తిగా తిప్పితే క్యాన్ 6 నిమిషాల్లో ఖాళీ అయింది. నిమిషానికి లీటరు వచ్చేలా తిప్పి, అక్కడ పెయింటుతో గీత పెట్టాం.
4. సిరంజి 2 మి.లీ., సూది 22 గేజి. ఒక కుక్కకు ఒక సూది. సూదులు పడేయడానికి గట్టి మూత డబ్బా.

## దశ 1: ముందు లెక్క

మధ్యాహ్నం లెక్కపెడితే 131 కుక్కలు. అదే దారిలో తెల్లవారుజామున 5:30 నుంచి 7 లోపు లెక్కపెడితే 212. ఎండ ఎక్కితే కుక్కలు ట్రాక్టర్ ట్రాలీల కింద, మోరీల్లో, గడ్డివాముల చాటున పడుకుంటాయి. పొద్దున మనుషులు లేవకముందు వీధి వాటిదే.

1. దారి కాగితం మీద గీసుకుని ప్రతిసారీ అదే దారిలో, అదే దిక్కున వెళ్లాలి.
2. మోటార్ సైకిల్ మీద ఇద్దరు. ఒకరు బండి, ఒకరు లెక్క. నడిచి వెళ్తే వీధికుక్కలు వెంటపడి, ఒకే కుక్క రెండుసార్లు లెక్కలో పడుతుంది.
3. మగ, ఆడ, పిల్ల అని మూడు గడులు చాలు. వయసు, రంగు, జబ్బు లక్షణాలు అని పది గడుల ఫారం గీస్తే మూడో వీధికే లెక్క వెనకబడుతుంది.

ఒక్కసారి తిరిగితే అన్ని కుక్కలూ కనబడవు. కనబడినదానికి 1.3 రెట్లు లెక్కగట్టాం: 276. దానిమీద పది శాతం వేస్టేజి కలిపితే 304 మోతాదులు. 10 మి.లీ. వయల్స్ (పది మోతాదులు పట్టే మందు సీసాలు) 32 తెప్పించాం.

## దశ 2: చల్లదనం

ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడికి పాడవుతుందని అందరికీ తెలుసు, గడ్డకట్టినా పాడవుతుందన్నది ఎక్కువమంది మరిచిపోతారు. ఇందులో అల్యూమినియం హైడ్రాక్సైడ్ కలిసి ఉంటుంది. గడ్డకట్టి కరిగితే అది పలుకులుగా విడిపోతుంది, మందు పనితనం పోతుంది.

ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా వ్యాక్సిన్ క్యారియర్‌లో పెట్టి, వయల్స్ మధ్యలో డిజిటల్ థర్మామీటర్ వైరు వదిలితే 40 నిమిషాల్లో మైనస్ 1.5 చూపించింది. ప్యాకులకు ఆనుకుని ఉన్న 2 వయల్స్ పారేశాం. కంటికి తేడా కనబడలేదు, అయినా పారేయాల్సిందే.

మార్చిన పద్ధతి:

1. ప్యాకులను బల్ల మీద పరిచి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వచ్చేదాకా ఆగాలి. పైన మంచు పోయి తడి పట్టడం కూడా మంచి గుర్తు.
2. నాలుగు వైపులా నాలుగు ప్యాకులు. వయల్స్‌ను జిప్ కవర్లో వేసి, మధ్యలో గుడ్డ చుట్టి పెట్టాలి.
3. గంటగంటకూ ఉష్ణోగ్రత రాయాలి. పొద్దున 6కు 4 డిగ్రీలు, 12కు 6.5, మధ్యాహ్నం 2కు 9. ఆ తర్వాత నుంచి 12కే ప్యాకులు మార్చాం.

నిల్వ: 30 వయల్స్.

## దశ 3: రంగు

రంగు లేకుండా ఈ పనికి కొలతే లేదు. నాలుగు రకాలు చూశాం.

గొర్రెలకు వేసే ఎర్ర రంగు చవక, ఊళ్లోనే దొరుకుతుంది. గోధుమ రంగు కుక్క మీద పది అడుగుల దూరం నుంచి కనబడలేదు, మన వీధికుక్కల్లో సగం ఆ రంగువే. పసుపు నీళ్లు మర్నాటికి లేవు. ఆయిల్ పెయింటు కుక్క నాకుతుంది కాబట్టి ముట్టుకోలేదు. పశువులకు గుర్తు పెట్టే ఆకుపచ్చ రంగు వారం దాకా నిలిచింది. పచ్చ కుక్క ఎక్కడా ఉండదు కాబట్టి నల్లదాని మీదా, తెల్లదాని మీదా ఆనుతుంది.

స్ప్రే డబ్బాతో ఇంకో చిక్కు. 'స్‌స్' అన్న చప్పుడుకు పట్టు విడిపించుకుని పారిపోయినవి చాలా ఉన్నాయి, చుట్టుపక్కలవి కూడా చెదిరాయి. రంగును స్పాంజి ముక్కకు పట్టించి మెడ వెనక, భుజాల మధ్య అరచేతి వెడల్పున రాశాం. అది నాలుక అందని చోటు.

ఒక నియమం: సూది పడ్డాకే రంగు. ముందు రంగు రాసి తర్వాత సూదికి వెళ్తే, మధ్యలో పారిపోయిన కుక్క ప్రతి లెక్కలోనూ టీకా పడ్డట్టే కనబడుతుంది. రంగు వారమే నిలుస్తుంది కాబట్టి వెలిసిన చోట మళ్లీ పూయాలి, లేదా దశలన్నీ వారంలోపు ముగించాలి. మేం పాతవాటికి దొరికినప్పుడల్లా మళ్లీ పూశాం.

## దశ 4: పంచాయతీ ఆఫీసు దగ్గర శిబిరం

దండోరా వేయించి, టెంటు వేసి చేసిన శిబిరానికి 61 కుక్కలొచ్చాయి. అన్నీ గొలుసో తాడో ఉన్న ఇంటి కుక్కలు. ఎక్కువ భాగం పిల్లలు పట్టుకొచ్చారు. కుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి తగువుకు దిగాయి, వరసలో నిలవలేదు. పదేళ్ల పిల్లవాడి చేతిలో రెండు కుక్కలున్న శిబిరమంటే కాటు కోసం పెట్టిన శిబిరమే.

మర్నాడు తెల్లవారుజామున: కనబడినవి 208, రంగున్నవి 52. కవరేజీ 25 శాతం.

> మొత్తాలు: మోతాదులు 61 | తెరిచిన వయల్స్ 7 | వేస్టేజి 9 మోతాదులు | కవరేజీ 25%

చాలా ఊళ్లలో పని ఇక్కడే ఆగుతుంది. ఫోటో బాగా వస్తుంది, రిజిస్టరు నిండుతుంది.

## దశ 5: ఇంటింటికీ, చేతిపట్టు

ఆశా కార్యకర్త ముందు నడిచి "మీ వాకిట్లో పడుకునే కుక్క ఏది?" అని అడగడం వల్ల పని కదిలింది. "మీకు కుక్క ఉందా?" అంటే లేదనే వస్తుంది. రోజూ గంజి పోసే ఇల్లాలు తనకు కుక్క ఉందని ఒప్పుకోదు, పిలిస్తే మాత్రం అది ఆమె దగ్గరికే వస్తుంది.

1. తెలిసిన మనిషి కుక్కను పిలిచి, తల తనవైపు ఉండేలా నిమరాలి.
2. టీకా వేసేవాళ్లు వెనకనుంచి రావాలి. భుజాల మధ్య చర్మం ఎత్తి, గుడారంలా లేచిన మడత అడుగున సూది.
3. వేలికి తడి తగిలితే సూది అవతలికి దిగినట్టు. ఆ మోతాదు లెక్కలోకి రాదు, మళ్లీ వేయాలి.

వేస్టేజి ఎక్కువగా ఈ దశలోనే జరిగింది. తెరిచిన వయల్‌ను ఆ రోజే వాడాలి. రెండు జట్లూ సాయంత్రానికి చెరో సగం వయల్ మిగుల్చుకున్నాయి. తర్వాత నుంచి సాయంత్రం నాలుగు దాటితే రెండు జట్లకూ ఒకే వయల్.

కుక్కపిల్లల విషయం కూడా ఇక్కడే మారింది. మూడు నెలలు నిండనివాటిని శిబిరంలో తిప్పి పంపారు. తెల్లవారుజాము లెక్కలో కనబడినవాటిలో 34 పిల్లలే. వాటిని వదిలేస్తే మిగతావన్నీ పట్టినా కవరేజీ 85 దాటదు. అందునా పిల్లలు పట్టుకు సులువు, ఇళ్లలో చేతుల్లో ఆడేవీ అవే. సామూహిక టీకాల్లో వయసుతో పని లేకుండా అన్నిటికీ వేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. వేశాం. మళ్లీ బూస్టర్ కోసం వీధి పేరు, గుర్తు విడిగా రాసుకున్నాం.

> మొదటి నుంచి ఇప్పటిదాకా మొత్తాలు: మోతాదులు 119 | వయల్స్ 14 | వేస్టేజి 21 | కనబడినవి 214, రంగున్నవి 101 | కవరేజీ 47%

## దశ 6: వల

చేతికి రాని కుక్కలకు వల తప్ప దారి లేదు. గోవాలో రాష్ట్రమంతా చేతిపట్టునూ వలనూ కలిపే నడిపించారు. కొన్న వలలు దూరం నుంచి రావాలి, కాబట్టి ఊరి వెల్డింగ్ షాపులో చేయించాం.

మొదటి వల. 8 మి.మీ. ఇనుప చువ్వతో 75 సెం.మీ. వ్యాసం రింగు, 1.8 మీటర్ల అరంగుళం జీఐ పైపు పిడి. రింగు 0.9 కిలోలు, పిడి 2.2 కిలోలు, వల కలిపితే మూడు కిలోలు దాటింది. అరగంటకే భుజం లాగుతుంది, వేటు ఆలస్యమవుతుంది, ఆ సందులో కుక్క తప్పుకుంటుంది.

రెండో వల. 6 మి.మీ. చువ్వ. తేలికే కానీ నేలకు తగలగానే రింగు కోడిగుడ్డులా సాగి, పక్కన సందు ఏర్పడింది.

నిలిచిన వల. 8 మి.మీ. చువ్వే, వ్యాసం 60 సెం.మీ.కు తగ్గించాం. రింగు 0.74 కిలోలు. పిడి 1.5 మీటర్ల గట్టి వెదురు. మొత్తం 1.7 కిలోలు. రింగు తోకను వెదురు బోలులోకి ఒక జానెడు దించి, రెండు చోట్ల బైండింగ్ వైరు చుట్టాం. రింగుకు పాత సైకిల్ ట్యూబు తొడిగితే సిమెంటు రోడ్డు మీద మోత తగ్గింది, కుక్క పళ్లకూ దెబ్బ తగల్లేదు.

సంచి గురించి: రెండంగుళాల కన్నున్న చేపల వలలోంచి మూతి బయటికొస్తుంది. ఒక కుర్రాడి చేతికి పన్ను గీరుకుంది అందుకే. గాయం 15 నిమిషాలు కడిగి పీహెచ్‌సీకి పంపాం. ముందస్తు టీకా పూర్తయినవాడు కాబట్టి 0, 3 రోజుల్లో రెండు సూదులతో సరిపోయింది, ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల మందు) అక్కర్లేదు. ఆ సాయంత్రమే సంచిని అరంగుళం కన్ను, లావు నైలాను తాడు వలకు మార్చాం. లోతు కూడా 70 సెం.మీ. నుంచి 1.2 మీటర్లకు. లోతు చాలకపోతే పిడి తిప్పే లోపు కుక్క ఎగిరి బయటపడుతుంది.

పట్టే తీరు:

1. వల ఎత్తుకుని వీధిలోకి రావద్దు. ఆటోలో గోనె కింద ఉంచాలి.
2. వీధి రెండు చివర్ల నుంచీ ఒకేసారి రావాలి. గోడ పక్కన పోయే కుక్కకు ముందు వల పడాలి, వెనక కాదు.
3. రింగు నేలకు ఆనిన వెంటనే పిడిని అర చుట్టు తిప్పాలి. సంచి మూతి ముడిపడుతుంది.
4. కన్నుల సందులోంచి వెనక తొడ కండలో సూది. వయల్ మీద కండకూ చర్మం కిందికీ రెండు దారులూ రాసి ఉంటేనే ఇలా వేయాలి.
5. రంగు రాసి, మూతి విప్పి, అందరూ కుక్కకు వెనకవైపు నిలబడాలి. పట్టినప్పటి నుంచి వదిలేదాకా నిమిషం దాటొద్దు. నోరు తెరిచి గట్టిగా రొప్పుతుంటే సూది సంగతి మరిచి వదిలేయాలి.

ఒక వీధిలో రెండు కుక్కలు పడ్డాక మిగతావి ఆ పూటకు దొరకవు. ఆటో చప్పుడు గుర్తుపట్టాయి. వీధి వదిలి వీధి చేసి, రెండు రోజుల తర్వాత వేరే బండిలో తిరిగొస్తేనే పని అయింది.

> మొత్తాలు: మోతాదులు 190 | వయల్స్ 22 | వేస్టేజి 30 | కనబడినవి 219, రంగున్నవి 153 | కవరేజీ 70%

## దశ 7: 70 శాతం వచ్చింది, కానీ

భాగాలుగా విడదీస్తే ఇలా ఉంది.

- పాత ఊరు: 72లో 58 (81%)
- కొత్త కాలనీ: 52లో 41 (79%)
- తండా: 39లో 31 (79%)
- బస్టాండు రోడ్డు: 56లో 23 (41%)

రేబీస్ సగటులో తిరగదు, వీధిలో తిరుగుతుంది. ఊరిలోకెల్లా ఎక్కువ మంది కొత్త మనుషులు, కొత్త కుక్కలు కలిసే చోట సగం కూడా లేదు. కారణం కుక్కల్లో కాదు, బస్టాండు వెనక కాలవ కట్ట మీద ఉంది. రోడ్డు మీది ఐదు చికెన్ సెంటర్లు ఈకలు, పేగులు, కాళ్లు, తోళ్లు అక్కడే పోస్తున్నాయి. ఆ కుక్కలకు ఏ ఇంటితోనూ పని లేదు, పిలిచినా రావు.

స్ప్రింగ్ కాటాతో దుకాణాల దగ్గరే తూచాం: మామూలు రోజు 96 కిలోలు, ఆదివారం 240. వారానికి 816 కిలోలు.

పంచాయతీ వెంటనే కుప్ప ఎత్తించేస్తామంది. ఆపమన్నాం. టీకా పడని 33 కుక్కల తిండి ఒక్కసారిగా ఆపితే అవి ఊరంతా, పక్క ఊళ్లకూ చెదురుతాయి. ముందు టీకా, తర్వాతే కుప్ప.

దుకాణాలు కట్టేశాక రాత్రి తొమ్మిదిన్నరకు అదే చోట, అదే వ్యర్థాన్ని చిన్న చిన్న కుప్పలుగా గోడ పొడవునా వేశాం. ఒకే పెద్ద కుప్ప అయితే బలమైన నాలుగు కుక్కలు మిగతావాటిని రానివ్వవు. తలదించి తింటున్నప్పుడు పక్కనుంచి వల. టార్చి నేలకే చూపాలి, కళ్లలో పడితే పరుగే.

> మొత్తాలు: మోతాదులు 218 | వయల్స్ 25 | వేస్టేజి 32 | కనబడినవి 219, రంగున్నవి 170 | కవరేజీ 78%

భాగాలవారీగా: పాత ఊరు 70లో 57, కొత్త కాలనీ 51లో 40, తండా 40లో 30, బస్టాండు రోడ్డు 58లో 43 (74%).

ఇప్పుడు మొత్తం కుక్కలెన్నో లెక్కకట్టొచ్చు. టీకా పడ్డవి 218ని కనబడిన 219తో హెచ్చించి, రంగున్న 170తో భాగిస్తే 281. ఇదే లెక్క శిబిరం తర్వాత కడితే 244, ఇంటింటి తర్వాత 252, వల తర్వాత 272 వచ్చింది. కుక్కలు పెరగలేదు. మొదట రంగు పడ్డవి మనిషికి అలవాటైనవి, తెల్లవారుజామున కూడా అవే ముందు కనబడతాయి, అందుకే తొలి లెక్కలు తక్కువ చూపాయి. శిబిరం తర్వాతి అంకెను నమ్మి మందు తెప్పిస్తే చివర్లో చాలదు.

## దశ 8: వ్యర్థాల గుంత

గుంత 3 మీ. పొడవు, 1.5 వెడల్పు, 2 లోతు. బావులకూ కాలవకూ దూరంగా, ఎత్తు నేల మీద. మొదట 30 సెం.మీ. మట్టి కప్పాం, రెండో రాత్రే తవ్వేశాయి. 60 సెం.మీ.కు పెంచి, పైన సర్కారు తుమ్మ కంప పరిచాక ఆగాయి. పొరకో పలచటి సున్నం, ఆపై మట్టి. పై కప్పు, మధ్య పొరలు పోగా వ్యర్థానికి మిగిలే చోటు నాలుగు ఘనమీటర్లు, అంటే మూడున్నర వారాలు. రెండో గుంత ముందే తవ్వి ఉంచాలి. దుకాణానికో మూత డ్రమ్ము, పట్టీతో బిగించేది. మూత ఊరికే పెడితే కుక్క ముక్కుతో నెట్టేస్తుంది.

చచ్చిన గేదెలను చెరువు కట్ట దగ్గర పారేయడం కూడా ఇదే పద్దు. ఒకప్పుడు రాబందులు పూటలో ఊడ్చేసేవి. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఎక్కించిన పశువుల కళేబరాలు తిని అవి పోయాక, ఆ తిండి కుక్కలపాలైంది. పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లో. నిషేధం రాబందుల కోసమే అనుకునేవాళ్లు మందుల షాపుల్లో ఇంకా ఉన్నారు.

## దశ 9: పీహెచ్‌సీ రిజిస్టరు

కుక్కకాటు రిజిస్టరులో రెండు గడులు కలిపాం: కాటు ఏ వీధిలో, కుక్క మీద పచ్చ రంగు ఉందా. ఏఎన్‌ఎం అదే రోజు పశువైద్యాధికారికి ఫోన్ చేయాలి. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టాలి.

ఇక్కడ ఒక ప్రమాదం తలెత్తింది. "రంగుంది కదా, సూది ఎందుకు" అని ఇంటికి పోయినవాళ్లున్నారు. రంగు టీకా పడిందనే చెబుతుంది, కుక్కకు జబ్బు లేదని చెప్పదు. రక్షణ రావడానికి కొన్ని వారాలు పడుతుంది, అంతకుముందే వైరస్ సోకి ఉండొచ్చు. కాబట్టి రంగున్నా లేకున్నా:

1. సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు వద్దు.
2. చర్మంలోకి వేసే సూదులైతే 0, 3, 7, 28 రోజుల్లో రెండేసి చోట్ల. కండకైతే 0, 3, 7, 14, 28.
3. రక్తం వచ్చిన కాటుకు ఇమ్యునోగ్లోబులిన్ కూడా, గాయం చుట్టూరా. తొలి సూది నాటి నుంచి ఏడు రోజుల్లోపే.

పాడి రైతులకు విడిగా చెప్పింది ఒకటే. గేదె చొంగ కారుస్తూ మేత మింగలేకపోతే, గొంతులో ఏదో ఇరుక్కుందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. రేబీస్ గేదె అచ్చం అలాగే ఉంటుంది. చెయ్యి పెట్టినవాళ్లందరికీ సూదులు తప్పవు. దాని పాలు తాగొద్దు, అమ్మొద్దు.

అనుమానపు కుక్క చనిపోతే మెదడు నమూనా పశువైద్యాధికారే తీయాలి. మంచులో, లేదా సగం గ్లిసరిన్ సగం సెలైన్ ద్రావణంలో పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే మామూలు రేబీస్ పరీక్షకు పనికిరాదు.

## మిగిలిన పనులు

- నిల్వలో 5 వయల్స్. ఫ్రిజ్ మధ్య అరలో, తలుపు దగ్గర కాదు. గడువు తేదీ మూత మీద రాసి ఉంది.
- బూస్టర్ జాబితాలోని కుక్కపిల్లలకు రెండో సూది.
- కార్తీకం తర్వాత పుట్టే కొత్త పిల్లల లెక్క, పాత దారిలోనే.
- తండాలో రంగులేని 10. పగలు పొలాల్లోకి పోతున్నాయి, నాట్ల కాలంలో మళ్లీ ప్రయత్నం.
- మూడో డ్రమ్ము మూత పట్టీ తెగింది, వెల్డింగ్‌కు ఇచ్చాం.